బీడీఎస్ తర్వాత ఎపిడెమియాలజీ: పని ఎలాంటిది, ఎదుగుదల ఎంత?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసి హౌస్‌సర్జన్సీలో ఉంది. ఎండీఎస్ చదివిస్తానంటే వద్దంటోంది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి ఎపిడెమియాలజిస్టు అవుతానంటోంది. అసలు ఆ ఉద్యోగంలో ఏం చేస్తారు? పర్మినెంటు అవుతుందా? ఆడపిల్ల ఊళ్లు పట్టుకుని తిరగాలేమోనని ఇంట్లో భయపడుతున్నారు. ఇన్నేళ్ల డెంటల్ చదువు వృథా అయినట్లేనా?

జవాబు: ఈ పని మీకు తెలియనిదేమీ కాదండీ. రొయ్యకు తెల్లమచ్చ సోకిందని తెలిసిన రోజు మీరేం చేస్తారు? ఏ చెరువులో ముందు కనిపించింది, సీడు ఏ హ్యాచరీది, నీళ్లు ఏ బోదె నుంచి పెట్టారు, అదే బోదె నీళ్లు పెట్టిన పక్క రైతు చెరువు ఎలా ఉంది అని గట్టు మీద నిలబడి ఆరా తీస్తారు. మీ అమ్మాయి మనుషుల విషయంలో ఆ ఆరా తీస్తానంటోంది, కాకపోతే లెక్క కట్టి, కాగితం మీద రుజువు చేసేలా. మంచం మీద ఉన్న రోగి సంగతి డాక్టరు చూసుకుంటారు. ఊళ్లో ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, తేడా ఎక్కడుంది అన్నది ఎపిడెమియాలజిస్టు తేల్చాలి.

2020 డిసెంబరులో ఏలూరు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 5వ తేదీ నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితులు 500 దాటారు, ఒకరు చనిపోయారు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకున్నారు. అలాంటి చోటికి వెళ్లిన బృందం ముందుగా ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకుంటుంది: ఫలానా తేదీ తర్వాత, ఫలానా ప్రాంతంలో, ఫలానా లక్షణం కనిపించినవారు. లేకపోతే కళ్లు తిరిగిన ప్రతివారూ జాబితాలోకి ఎక్కేస్తారు. ఆ తర్వాత మనిషికి ఒక వరుస చొప్పున పట్టిక రాస్తారు. పేరు, వయసు, వీధి, పడిపోయిన వేళ, తాగిన నీళ్లు, కూరగాయలు కొన్న చోటు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని లైన్ లిస్టు అంటారు.

అసలు మెలిక అక్కడి నుంచి మొదలవుతుంది. జబ్బు పడని ఇంటికి కూడా వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. ‘మాకేమీ కాలేదు కదమ్మా, మా దగ్గరేం పని?’ అని విసుక్కుంటారు. అయినా అడగక తప్పదు. పడిపోయినవారంతా కుళాయి నీళ్లే తాగారని తేలితే నేరం కుళాయిదే అనిపిస్తుంది. పడిపోనివారూ ఆ నీళ్లే తాగి ఉంటే ఆ వాదన నిలవదు. ఏలూరులో మొదట అందరి వేళ్లూ తాగునీటి వైపే చూపించాయి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం వచ్చింది. ఊరంతా జవాబు కోసం తొందరపెడుతున్నప్పుడు ‘ఇంకా రుజువు కాలేదు’ అని చెప్పగలగాలి. ఈ ఉద్యోగంలో కష్టమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం.

రోజూ ఇలాంటి హడావుడి ఉంటుందనుకోకండి. మామూలు రోజుల్లో కంప్యూటర్ ముందు పనే ఎక్కువ. 2004లో మొదలైన జాతీయ వ్యాధి నిఘా కార్యక్రమం కింద ప్రతి జిల్లా నుంచీ రిపోర్టులు వెళ్తాయి. ఆరోగ్య కార్యకర్తలు నింపేది ఎస్ ఫారం, డాక్టర్లది పి ఫారం, ల్యాబులది ఎల్ ఫారం. ఇప్పుడవన్నీ ఆన్‌లైన్లో ఎక్కుతున్నాయి. ఒక ఆరోగ్య కేంద్రం ‘సున్నా కేసులు’ అని పంపితే అది సమాచారం. ఏమీ పంపకపోతే అది మౌనం. రెండింటినీ ఒకే గడిలో వేసుకునేవారికి డెంగీ ముదిరాకగానీ కబురు తెలియదు. మౌనంగా ఉన్న కేంద్రానికి ఫోను చేసి, ఎందుకు రాలేదో కనుక్కోవడం కూడా ఉద్యోగమే. అందులో గొప్పగా చెప్పుకోవడానికేమీ ఉండదు.

తిరుగుడు సంగతి. ఉంటుంది, అబద్ధం చెప్పను. మన డెల్టాలో బోదకాలు పాత శత్రువు. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు నెత్తుటిలో రాత్రిపూట బయటికి వస్తాయి కాబట్టి, రక్తపు చుక్క తీసే సర్వే రాత్రి ఎనిమిది దాటాకే చేసేవారు. అన్నాల వేళ తలుపు తట్టి వేలు చాపమంటే ఎవరు ముద్దు చేస్తారు! అయితే ఒంటరిగా పంపరు. ఏఎన్‌ఎం, ఆశా, ఊళ్లో తెలిసినవారు వెంట ఉంటారు. ఇప్పుడు వ్యాప్తి ఆగిందో లేదో చూడటానికి 6, 7 ఏళ్ల బడిపిల్లలకు పరీక్ష చేస్తున్నారు. అది పగటి పనే. ఇంకో చిక్కు ఉంది. ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రల లెక్క వేరు, మింగినవాటి లెక్క వేరు. ‘తర్వాత వేసుకుంటాం’ అని చూరులో పెట్టినవి ఎన్నో కనిపెట్టడం కూడా ఎపిడెమియాలజిస్టు వంతే. అన్నట్టు, ఆ మాత్రల్లో ఉండే డీఈసీ మందు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వెలువడింది. ఆయన పుట్టింది మీ పక్కనున్న భీమవరంలోనే.

ఇక మీరు గట్టిగా అడిగిన పర్మినెంటు మాట. మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టేనని ముందే మనసులో పెట్టుకోండి. జిల్లా నిఘా విభాగాల్లో ఎపిడెమియాలజిస్టు, డేటా మేనేజరు పోస్టులు జాతీయ ఆరోగ్య మిషన్ కింద భర్తీ అవుతాయి. అర్హతలు ప్రకటనకూ ప్రకటనకూ మారుతుంటాయి, ఎంబీబీఎస్ వారికి ముందు పీట వేయడం కద్దు. పరిశోధన సంస్థల ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు మరో దారి. నాలుగైదేళ్లు గడిచి, చేతిలో రెండు మూడు మంచి దర్యాప్తులు, ఒకటో రెండో ప్రచురణలు ఉంటే రాష్ట్ర స్థాయి కన్సల్టెంటు, అంతర్జాతీయ సంస్థల ప్రాజెక్టులు అందుతాయి. స్థిరమైన కొలువే కావాలంటే పీహెచ్‌డీ చేసి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)లో సైంటిస్టు-బి పోస్టుకు పోటీపడాలి. అక్కడి నుంచి సి, డి అంటూ మెట్లున్నాయి. అధ్యాపక వృత్తి కూడా ఉంది. హైదరాబాద్ మందుల కంపెనీల్లో మందుల భద్రతను గమనించే విభాగాలు జీతం బాగానే ఇస్తాయి, కానీ మీ అమ్మాయి కోరుకుంటున్న పని అది కాదనుకుంటాను.

మూసి ఉన్న తలుపులు కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసరుగా చేరాలంటే ఎంబీబీఎస్ ఉండాలి. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) 2012లో మొదలుపెట్టిన, వ్యాధుల దర్యాప్తు నేర్పే రెండేళ్ల ఇండియా ఈఐఎస్ శిక్షణ కూడా ప్రధానంగా డాక్టర్లకే. జిల్లా వైద్యాధికారి కుర్చీ ఈ దారిలో రాదు. ఇది అన్యాయమా అంటే కొంత అన్యాయమే. ప్రజారోగ్యానికి విడిగా కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. దాన్ని నమ్ముకుని మాత్రం ఇవాళ నిర్ణయం తీసుకోవద్దు.

బీడీఎస్ వృథా కాదు. రోగిని దగ్గరగా చూసిన అనుభవం లెక్కలు మాత్రమే చదివినవారికి ఉండదు. పొగాకు, చుట్ట, నోటి క్యాన్సర్ మీద పనిచేయాలనుకుంటే అదే ఆమె బలం. లెక్కలంటే మాత్రం భయం ఉండకూడదు. హౌస్‌సర్జన్సీ అయ్యేలోపు ఎక్సెల్ బాగా పట్టుకుని, ఉచితంగా దొరికే ఎపి ఇన్ఫో, ఆర్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడం మొదలుపెట్టమనండి. కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ పోస్టింగు ఉంటుంది. దాన్ని సెలవుల్లా గడిపేయకుండా, క్యాంపులో చూసినవారి వివరాలతో ఒక చిన్న లైన్ లిస్టు తయారుచేసి, తీరిగ్గా విశ్లేషించమనండి. ఆ పని నచ్చకపోతే ఎంపీహెచ్ ఫీజు మీకు మిగిలినట్టే.

నచ్చితే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మేనన్ కేంద్రం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ఎవరెవరిని చేర్చుకుంటారో ఏ ఏటికా ఏడు చూసుకోవాలి. ఊరూపేరూ లేని ప్రైవేటు ఎంపీహెచ్‌కు చెరువు తాకట్టు పెట్టొద్దు. ఏ కాలేజీకి వెళ్లినా భవనాలు చూడకండి. విద్యార్థులను ఎన్ని నెలలు ఫీల్డుకు పంపుతారు, కిందటి బ్యాచ్ వాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. వాళ్లలో ఇద్దరి ఫోను నంబర్లు తీసుకుని, మీరు పక్కన లేనప్పుడు మీ అమ్మాయినే మాట్లాడనివ్వండి.