ఆట నియమాలు ఉచితంగా ఇస్తే రూల్‌బుక్ అమ్ముడుపోదా?

ప్రశ్న: ఇద్దరు మిత్రులతో కలిసి ఒక టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) తయారుచేశాను. రూల్‌బుక్ అచ్చువేసి అమ్మాలని ఉంది. నియమాలను ఓపెన్ లైసెన్స్ (ఎవరైనా వాడుకోవచ్చన్న ముందస్తు అనుమతి) కింద ఇస్తే ఆట పదిమందికీ చేరుతుందని ఒకరు, ఇక పుస్తకం ఎవరూ కొనరని మరొకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆడే పద్ధతి మీద మీకు ఎలాగూ గుత్తహక్కు లేదు. మీరు రాసిన వాక్యాలకు, కథకు, బొమ్మలకే కాపీరైట్. పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ కూడా రాదు. స్క్రాబులస్ అనేది స్క్రాబుల్ పదాల ఆటను పోలిన ఆన్‌లైన్ ఆట. 2008లో ఆ కేసులో ఢిల్లీ హైకోర్టు, స్క్రాబుల్ కంపెనీ కాపీరైట్ వాదనను ప్రాథమికంగా ఒప్పుకోలేదు. పేరు విషయంలో మాత్రం ట్రేడ్‌మార్క్ కింద ఇంజంక్షన్ (ఆ పేరు వాడొద్దన్న ఉత్తర్వు) ఇచ్చింది. అందుకే ముందు ఆట పేరును ట్రేడ్‌మార్క్‌గా 16 (అచ్చు పుస్తకాలు), 28 (ఆటలు) క్లాసుల్లో రిజిస్టర్ చేయించండి.

ఇక అమ్మకాలు. అమెరికాలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే తన రోల్‌ప్లేయింగ్ గేమ్ మూల నియమాలను ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద విడుదల చేసింది. ఆ ఆటకు ఎవరు కొత్త కథ రాసి అమ్మినా, ఆడేవాళ్లు తమ రూల్‌బుక్ కొంటారన్నది వాళ్ల లెక్క. 2008లో నాలుగో ఎడిషన్‌కు కఠినమైన లైసెన్స్ పెట్టారు. మరుసటి ఏడాదే పైజో సంస్థ పాత లైసెన్స్ ఆధారంగా పాత్‌ఫైండర్ తెచ్చి గట్టి పోటీదారు అయింది. నియమాలన్నీ వెబ్‌లో ఉచితంగా పెట్టి కూడా పైజో పుస్తకాలు అమ్ముకుంది. 2023 జనవరిలో విజార్డ్స్ 2000 నాటి ఆ ఓపెన్ గేమ్ లైసెన్స్‌నే మార్చబోతే ఆటగాళ్లు, ప్రచురణకర్తలు తిరగబడ్డారు. చివరికి నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ అనే ఉమ్మడి ఓపెన్ లైసెన్స్ కింద ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి ఇవ్వమనే నా సలహా. అయితే పుస్తకం మొత్తం ఇవ్వకండి. మూల నియమాలను విడి పత్రంగా రాసి దానికే లైసెన్స్ పెట్టండి. కథాలోకం, పాత్రలు, బొమ్మలు మీ దగ్గరే ఉంచుకోండి. క్రియేటివ్ కామన్స్ బై 4.0 (రాసినవారి పేరు వేస్తే ఎవరైనా వాడుకోవచ్చన్న రకం) కింద ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోలేరు. మీ పేరు వేసి ఆ పత్రాన్ని ఎవరైనా అచ్చువేసి తక్కువ ధరకు అమ్మినా ఆపలేరు. వాణిజ్యానికి వాడకూడదన్న షరతు పెడితే ఈ భయం ఉండదు కానీ, మీ ఆటకు కథలు రాసి అమ్మేవాళ్లూ ముందుకు రారు. అప్పుడు లైసెన్స్ ఇచ్చి లాభమేమిటి?

మీరు ముగ్గురూ కలిసి రాశారు గనక లైసెన్స్‌కు ముగ్గురి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. బొమ్మలు వేసినవారితోనూ హక్కుల బదిలీ పత్రం రాయించుకోండి. అందులో కాలపరిమితి, ప్రాంతం స్పష్టంగా ఉండాలి. లేకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 కింద ఆ బదిలీ 5 ఏళ్లకే, భారతదేశానికే పరిమితమవుతుంది. ఈ సంతకాలన్నీ పుస్తకం ప్రెస్సుకు వెళ్లకముందే పూర్తిచేసుకోండి.