టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఫ్యాక్టరీలు ఏమయ్యాయి? లోపల పదిహేనేళ్లు పనిచేసినవాడి జవాబు

మీరు అడిగినవి మూడు. ఒకప్పుడు మన దేశంలోనే తయారైన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఫ్యాక్టరీలన్నీ ఏమయ్యాయి, చైనా సరుకు వల్లే మూతపడ్డాయా, ఇప్పుడు ఒక టెలికాం పరికరాల ప్లాంటు నుంచి మీకు ఆఫర్ వచ్చింది కాబట్టి చేరొచ్చా అని.

చైనా సంగతి ముందు తేల్చేస్తాను. చైనా సరుకు గట్టిగా దిగేసరికే మా ఫ్యాక్టరీలో సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక 1989లో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో టెస్టింగ్ సెక్షన్‌లో చేరాను. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ దగ్గర లైసెన్సు తీసుకుని చిన్న ఎక్స్ఛేంజీలు, అంటే కాల్స్‌ని ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి కలిపే పరికరాలు, తయారుచేసే కంపెనీ అది. 2004లో గేటు పాసు తిరిగి ఇచ్చేశాను. కంపెనీ పేరు చెప్పను. అప్పటి యాజమాన్యంలో ఒకరిద్దరు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి పలకరిస్తారు, నాకు వాళ్ల మీద కోపమేం లేదు.

కథ మాకంటే చాలా ముందు మొదలైంది. 1948లో బెంగళూరులో ఐటీఐ పెట్టారు. ట్రేడ్ కోర్సులు చెప్పే ఐటీఐ కాదు, ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్. మొదట బ్రిటిష్ టెక్నాలజీతో స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీలు, అరవైల్లో బెల్జియం కంపెనీ టెక్నాలజీతో క్రాస్‌బార్, ఎనభైల్లో ఉత్తరప్రదేశ్‌లోని మన్కాపూర్‌లో ఫ్రెంచి వాళ్ల ఈ10బీ డిజిటల్ ఎక్స్ఛేంజీలు. ఆ మధ్యలోనే, 1984 ఆగస్టులో, టెలికాం ఇంజినీరు శామ్ పిట్రోడా చొరవతో సీ-డాట్ పుట్టింది. 36 నెలలు, 36 కోట్ల రూపాయలు అని లెక్క చెప్పి మొదలుపెట్టారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో వాళ్ల 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీ మోగింది. ఏసీ గది అక్కర్లేదు, పల్లెటూళ్లో ఎండకీ దుమ్ముకీ తట్టుకోవాలి, అదీ దాని గొప్ప. ఆ డిజైనుని సీ-డాట్ చాలా కంపెనీలకు ఇచ్చింది. మాలాంటి ఫ్యాక్టరీలు అలా పుట్టుకొచ్చినవే.

మా సూపర్‌వైజర్ ఒకాయన స్ట్రౌజర్ కాలంనాటి మనిషి. స్ట్రౌజర్ అంటే మీరు డయల్ తిప్పిన ప్రతి అంకెకీ అక్కడ ఎక్స్ఛేంజీలో ఒక ఇనప చెయ్యి కదలాలి. పైకి పది మెట్లు, ఒక్కో మెట్టులో పది కాంటాక్టులు, అంటే ఒక్క సెలెక్టరుకి వంద దారులు. ఒక కాల్ వెళ్లాలంటే అలాంటివి వరసగా కొన్ని పట్టుకోవాలి. దానికి తోడు రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు. ప్రతి రిలేకీ స్ప్రింగులు, ప్రతి స్ప్రింగుకీ ఇన్ని గ్రాముల టెన్షన్ ఉండాలని లెక్క. ఆయన చిన్న గేజ్‌తో ఆ బలం చూసి, పట్టకారుతో వెంట్రుకవాసి వంచి, మళ్లీ చూసేవాడట. రోజంతా అదే పని. ఆయన కుడిచేతి బొటనవేలు మీద కాయ కాసి ఉండేది. మేం కార్డు (విడిభాగాలు అతికిన సర్క్యూట్ బోర్డు) తోసి పచ్చ లైటు వెలిగిందని రాసుకుంటుంటే, "ఇదీ ఒక పనేనా? లైటు చూడ్డానికి డిప్లొమా ఎందుకురా?" అని ఏడిపించేవాడు.

నవ్వుకునేవాళ్లం గానీ ఆయన వేళాకోళంలో మీ ప్రశ్నకి సగం జవాబుంది. స్ట్రౌజర్ ఫ్యాక్టరీకి వేలమంది ఎందుకు కావాల్సొచ్చిందంటే, ఎక్స్ఛేంజీ తెలివంతా ఇనుములో, ఇత్తడిలో ఉండేది. చేత్తో వంచి, చుట్టి, అతికి పెడితే తప్ప ఆ తెలివి రాదు. క్రాస్‌బార్ వచ్చాక కదిలే భాగాలు తగ్గాయి. డిజిటల్ వచ్చాక స్విచ్చింగ్ పని మెమరీ చిప్పులోకి పోయింది. ఒక హాలు పట్టే ఎక్స్ఛేంజీ నాలుగు బీరువాలయింది, తర్వాత ఒక బీరువా అయింది. తరం మారిన ప్రతిసారీ అమ్మే లైన్లు పెరిగాయి, ఒక్కో లైనుకి పట్టే చేతిపని పడిపోయింది. అమెరికాలో షికాగో పక్కన వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథార్న్ ఫ్యాక్టరీ ఉండేది. 1905లో తెరిచారు, మంచి రోజుల్లో 40 వేలమందికి పైగా పనిచేశారు, 1983లో మూసేశారు. అక్కడ చైనా లేదు, మన దగ్గరున్న లోపాలూ లేవు. పని తగ్గిపోవడం మాత్రం అక్కడా ఉంది.

మా మంచి రోజులు 1992 నుంచి 97 దాకా. ఫోను కోసం జనం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న కాలం. మూడు షిఫ్టులు నడిచాయి. కార్డుకి ఎనిమిది లైన్లు, ఫ్రేములో పదహారు కార్డులు, అదీ 128. విడిభాగాలు గుచ్చిన బోర్డు వేవ్ సోల్డరింగ్ మీదుగా వచ్చేది. కరిగిన సీసం కెరటంలా లేచి బోర్డు అడుగుని నాకి వదిలేస్తుంది, ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. తర్వాత విడిభాగాల కాళ్లు కత్తిరించడం, కడగడం, కార్డు టెస్టు, ఆ తర్వాత బర్న్-ఇన్. వేడి గదిలో 48 వోల్టుల కరెంటిచ్చి గంటల తరబడి కార్డుల్ని ఉడకబెడతాం. చావాల్సిన కార్డు మా దగ్గరే చావాలి, కస్టమర్ దగ్గరకెళ్లి కాదు. రింగ్ వోల్టేజి 75 వోల్టులు. కొత్తగా చేరినవాడి చేతికి అది ఒకసారైనా తగలాల్సిందే, అప్పుడే మా సెక్షన్ మనిషి కింద లెక్క.

ఒక సంవత్సరం మార్చిలో ఏం జరిగిందో చెబుతాను. సరుకు కొనేది ఒక్కరే, వాళ్ల బడ్జెట్ మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి మా ఏడాది డిస్పాచ్‌లో పెద్ద వాటా ఆ నెలలోనే వెళ్లాలి. లెక్క అందడానికి కన్వేయరు వేగం కాస్త పెంచారు. బర్న్-ఇన్ గంటలు కాస్త తగ్గించారు. ఆ రిజిస్టరులో సంతకం నాది కూడా ఉంది. మే నెలలో ఫీల్డు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున్న బాగానే ఉంటుంది, మధ్యాహ్నం కొన్ని లైన్లు చచ్చిపోతాయి, రాత్రికి మళ్లీ లేస్తాయి. వెనక్కొచ్చిన కార్డుల్ని బెంచి మీద పెడితే అన్నీ పాస్. మూడు రోజులు జుట్టు పీక్కున్నాం. చివరికి హెయిర్ డ్రయర్‌తో వేడిచేస్తూ పెన్సిలు వెనక భాగంతో ఒక్కో విడిభాగాన్ని మెల్లగా నొక్కుతూ పోతే దొరికింది. రిలే కాలు దగ్గర డ్రై సోల్డర్. పైకి మెరుస్తోంది, లోపల పట్టుకోలేదు. ఏసీ లేని గదిలో బతకడానికే పుట్టిన ఎక్స్ఛేంజీ మరి, మేం ఎగ్గొట్టిన బర్న్-ఇన్‌ని మే నెల ఎండ పూర్తిచేసింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "క్వాలిటీ లేక మూతపడ్డాయి" అనేవాళ్లున్నారు. క్వాలిటీలో తప్పులు చేశాం, నిజమే. కానీ అవి దిద్దుకోగలిగినవి. ఆ తర్వాత ఏ మార్చిలోనూ బర్న్-ఇన్ జోలికి ఎవరూ పోలేదు. ఫ్యాక్టరీ మాత్రం మూతపడనే మూతపడింది.

అసలు దెబ్బ ఒకే కొనుగోలుదారు. దేశంలో ఎక్స్ఛేంజీ కొనేది ప్రధానంగా టెలికాం శాఖ, 2000 అక్టోబరు నుంచి దాని వారసుడు బీఎస్ఎన్ఎల్. మా బతుకంతా టెండరు చుట్టూనే తిరిగేది. ఎల్-1 రేటు, అంటే టెండర్లో అన్నిటికన్నా తక్కువ రేటు ఎవరిది, ఏపీఓ (ముందస్తు కొనుగోలు ఆర్డరు) వచ్చిందా లేదా, క్యాంటీన్‌లో కూడా ఇవే మాటలు. మార్కెటింగ్ డిపార్టుమెంటంటే మాకు ఇద్దరు మనుషులు, ఒక ఫ్యాక్సు మిషను. 1991 తర్వాత సీమెన్స్, ఆల్కాటెల్, ఎరిక్సన్ లాంటివి పెద్ద ఎక్స్ఛేంజీలతో మన టెండర్లలోకి దిగాయి. లైనుకి రేటు కిందకి జారింది. ఫోను అందరికీ అందాలంటే రేటు తగ్గాల్సిందేలెండి, దాన్ని తప్పుపట్టను. కానీ డిజైను మాది కాదు, చిప్పులు మావి కావు. మాకు మిగిలేది బోర్డు కట్టిన కూలి, రేటు తగ్గినప్పుడల్లా మొదట కోతపడేది దాంట్లోనే.

అప్పుడొచ్చింది మొబైల్. 1995 జూలై 31న మొదటి కాల్ మాట్లాడినప్పుడు మా ఫ్యాక్టరీలో ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. నిమిషానికి అంత చార్జీ పెట్టి ఎవడు మాట్లాడతాడు అనుకున్నాం. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2004లో మొబైల్ కనెక్షన్లు ల్యాండ్‌లైన్లని దాటేశాయి. మాకు తెలిసింది ల్యాండ్‌లైను ఒక్కటే. జీఎస్ఎం బేస్ స్టేషన్ (మొబైల్ టవర్ దగ్గరుండే రేడియో పరికరం) తయారుచేసే డిజైను సీ-డాట్ దగ్గరా అప్పటికి లేదు, మా దగ్గర ఉండే ప్రసక్తే లేదు. ప్రైవేటు ఆపరేటర్లు పరికరాలు ఎక్కడ కావాలంటే అక్కడ కొనుక్కోవచ్చు. దానికి తోడు 1997లో మనం చేరిన ఐటీ ఉత్పత్తుల ఒప్పందం ప్రకారం ఈ సరుకులో చాలావాటి మీద దిగుమతి సుంకం 2005 నాటికి సున్నాకి రావాలి. చిన్నవాళ్లకి ఆ చివరి గొడుగు కూడా పోయింది. చైనా కంపెనీలు హువావే, జడ్‌టీఈ ఇక్కడ పెద్దగా అమ్మింది ఆ తర్వాతే. వాళ్లు తీసుకెళ్లింది రాబోయే పని. మా పని అప్పటికే లేదు.

చివరి రెండేళ్లు మేం బతికింది స్పేర్ కార్డుల మీద, రిపేర్ల మీద. కొత్త ఎక్స్ఛేంజీ ఒక్కటీ కట్టలేదు. ముందు మూడో షిఫ్టు పోయింది, తర్వాత క్యాంటీన్ భోజనం టీ దాకా తగ్గింది, తర్వాత జీతం ఒకటో తారీఖు నుంచి పదికి, పది నుంచి ఇరవైకి జరిగింది. మూసేస్తున్నామని నోటీసు అంటించిన రోజున ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ ఏడుస్తారనుకున్నాను, అదీ లేదు. టెస్ట్ జిగ్గులు, అంటే కార్డు బిగించి పరీక్షించే పరికరాలు, తూకానికి వెళ్లాయి. నేను ఎనిమిదేళ్లు కూర్చున్న జిగ్గు కాటా మీద 41 కిలోలు తూగింది.

పెద్ద కంపెనీలదీ ఇదే వరస, కాకపోతే వాటికి కాగితం ఆలస్యంగా వస్తుంది. హిందుస్థాన్ కేబుల్స్ గుర్తుందా? హైదరాబాద్‌లో కూడా యూనిట్ ఉండేది, టెలిఫోన్ కేబుల్ తయారుచేసేవాళ్లు. ఉత్పత్తి 2003లోనే ఆగిపోయింది, మూసెయ్యాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది 2016లో. శ్రీపెరుంబుదూరు నోకియా ఫ్యాక్టరీని మాత్రం వీటితో కలపకండి. అది హ్యాండ్‌సెట్ల కథ. 2006లో మొదలై 2014 నవంబరు 1న ఆగింది. పన్ను వివాదంలో ఆస్తులు చిక్కుకుని మైక్రోసాఫ్ట్‌కి జరిగిన అమ్మకంలోకి పోలేకపోవడం, ఆ ఫోన్లకి గిరాకీ పడిపోవడం, అక్కడి కారణాలు వేరు.

ఇక మీ ఆఫర్. 2021లో టెలికాం పరికరాలకి 12,195 కోట్ల పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం) ప్రకటించారు, బీఎస్ఎన్ఎల్ 4జీలో సీ-డాట్ కోర్ (నెట్‌వర్కు నడిపే మెదడు), తేజస్ అనే మన దేశపు కంపెనీ రేడియోలు వాడుతున్నారు, కాబట్టి పని మళ్లీ ఉన్నమాట నిజమే. చేరొద్దని అనను. చేరేముందు హెచ్‌ఆర్‌ని కాదు, అక్కడ పనిచేసే ఒక లైన్ ఇంజినీరుని పట్టుకుని టీ తాగించి మూడు సంగతులు కనుక్కోండి. డిస్పాచ్ అయ్యే సరుకు ఎంతమంది కస్టమర్లకి వెళ్తోంది? ఒక్కరికే అయితే ఆ ఆర్డరు ఎప్పుడు అయిపోతుందో ఆ తేదీ అడగండి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపల ఉండే సాఫ్ట్‌వేర్) మార్చాల్సి వస్తే ఆ బిల్డింగులోనే మార్చేవాళ్లు ఉన్నారా, లేక బయటి దేశానికి మెయిల్ పెట్టి ఎదురుచూస్తారా? పోయిన మార్చిలో బర్న్-ఇన్ గంటలు తగ్గించారా? ఈ మూడోది అడిగితే ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు ఎలాంటిదో చూసుకోండి.

సెక్షన్ ఎంచుకునే వీలుంటే టెస్ట్, ఫెయిల్యూర్ అనాలిసిస్ అడగండి. అసెంబ్లీ లైన్లో మనిషి చేసే పని ఏటా తగ్గుతోంది, మెషీన్లు గంటకి వేల విడిభాగాలు పెట్టేస్తున్నాయి. మా బ్యాచ్‌లో మూతపడిన ఆర్నెల్లలోపు ఉద్యోగం దొరికింది రిపేర్ బెంచి వాళ్లకే. ఒకతను లిఫ్టుల కంట్రోల్ కార్డుల్లోకి వెళ్లాడు, ఇద్దరు ఆసుపత్రి పరికరాల సర్వీసులోకి వెళ్లారు. నేను యూపీఎస్‌లు బాగుచేస్తూ సెటిలయ్యాను. ఇప్పటికీ బెంచి మీదకి మొండి కార్డు వస్తే ముందు హెయిర్ డ్రయర్, ఆ తర్వాత పెన్సిలు.