ఛార్జింగ్ ఎక్కే ఫోను కంప్యూటరుకు ఎందుకు కనిపించదు?

ప్రశ్న: మాకు ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు ఉన్నాయి. మూడేళ్లుగా ప్రతి పంట తాలూకు మేత బిల్లులు, నీటి పరీక్షల కాగితాలు, చెక్ ట్రేల (రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లేల) ఫొటోలు నా సెల్‌ఫోన్లోనే ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి దాచుకుందామని మా అబ్బాయి పాత కంప్యూటరుకు ఫోను తగిలిస్తే ఛార్జింగ్ మాత్రం ఎక్కుతోంది, తెర మీద ఏమీ రావడం లేదు. ఒక దుకాణంలో చూపిస్తే ఫోనంతా చెరిపి రీసెట్ చేస్తే సరిపోతుందన్నారు. చేయించమంటారా?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: దయచేసి చేయించకండి. మీ మూడేళ్ల లెక్కలకు ఉన్న ఒకే ఒక ప్రతి ఆ ఫోను. రీసెట్ చేస్తే అది పోతుంది. పైగా మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే లోపం ఫోను సాఫ్ట్‌వేరులో కాక, కేబులులోనో, ఫోను అడుగున ఉండే పోర్టులోనో, ఫోనులోని ఒక చిన్న సెట్టింగులోనో ఉండే అవకాశమే ఎక్కువ. ఫొటోలు మరొక చోటికి చేరి, వాటిని తెరిచి చూసుకున్న తరువాత మాత్రమే రీసెట్ మాట ఎత్తాలి.

ఛార్జింగ్ ఎక్కుతోంది కనుక కేబులు బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 కేబులులో నాలుగు తీగలు ఉంటాయి. వాటిలో రెండు విద్యుత్తును మోస్తాయి, మిగిలిన రెండు సమాచారాన్ని మోస్తాయి. మీ గట్టు మీద మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంటుంది గానీ గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటరు తిరగదు కదా, ఇదీ అలాంటిదే. టార్చిలైట్లు, చిన్న స్పీకర్ల వంటి వాటితో వచ్చే కొన్ని కేబుళ్లలో సమాచారపు తీగలు అసలే ఉండవు, పైకి చూస్తే మాత్రం ఆ తేడా తెలియదు. మంచి కేబులైనా నెలల తరబడి బండి డిక్కీలో మడతలు పడి తిరిగితే లోపలి సన్నని తీగలు తెగిపోయి, విద్యుత్తు తీగలు మాత్రం పనిచేస్తూ ఉండవచ్చు.

కాబట్టి మొదట కేబులునే అనుమానించండి. ఇంట్లో మరొకరి ఫోనును ఇదే కేబులుతో ఇదే కంప్యూటరుకు తగిలించి చూడండి. ఆ ఫోనూ కనిపించకపోతే, సమాచారం కూడా పంపగలదని రూఢిగా తెలిసిన వేరే కేబులును అడిగి తెచ్చుకోండి. దుకాణంలో కొనేటట్లయితే ఛార్జింగ్ కేబులు అని కాకుండా డేటా కేబులు కావాలని అడగండి. వీలైతే అక్కడే ఒక కంప్యూటరుకు తగిలించి చూపించమనండి. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చడం ముఖ్యం. కేబులూ పోర్టూ సెట్టింగూ ఒకేసారి మార్చేస్తే ఫోను కనిపించినా దేనివల్ల కనిపించిందో తెలియదు, రేపు మళ్లీ అదే ఇబ్బంది వస్తే మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది.

కేబులు మంచిదని తేలితే, ఫోనును తగిలించి ఉంచి, తాళం తీసి, తెర పైనుంచి వేలిని కిందికి లాగండి. ఫోను యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోందన్న నోటిఫికేషన్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని తాకితే వచ్చే జాబితాలో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్నదాన్ని ఎంచుకోండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, ఎక్కడ తగిలించినా ఛార్జింగ్ మాత్రమే తీసుకునేలా ఫోన్లను ఏర్పాటు చేస్తున్నారు. బస్టాండులోనో రైల్వే స్టేషనులోనో ముక్కూ మొహం తెలియని పోర్టుకు ఫోను తగిలించినా మన సమాచారం బయటికి పోకుండా ఉండటానికి పెట్టిన కాపలా అది. అందువల్ల సొంత కంప్యూటరుకు తగిలించినప్పుడు కూడా అనుమతి మనమే ఇవ్వాలి.

ఆ నోటిఫికేషన్ అసలే రాకపోతే కంప్యూటరు వైపు చూడండి. పెట్టె ముందు భాగంలో ఉండే పోర్టులు లోపల ఒక చిన్న వైరు ద్వారా కంప్యూటరు ప్రధాన బోర్డయిన మదర్‌బోర్డుకు కలుస్తాయి, పాత కంప్యూటర్లలో ఆ వైరు వదులైపోవడం ఉంటుంది. వెనక వైపు పోర్టులు నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి కనుక వాటిలో ఒకదానికి తగిలించండి. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేయండి. ఫోనునూ కంప్యూటరునూ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

మీ విషయంలో నేను ప్రత్యేకంగా అడగదలచుకున్నది ఫోను పోర్టు సంగతి. తడి చేతులతో, సముద్రపు ఉప్పుగాలిలో రోజంతా వాడే ఫోనులో టైప్-సి పోర్టు లోపలి సన్నని కాంటాక్టులు చిలుము పడతాయి. టైప్-సి పోర్టులో 24 కాంటాక్టులు ఉంటాయి. విద్యుత్తు రావడానికి నాలుగు, తిరిగి వెళ్లడానికి (గ్రౌండ్) నాలుగు కేటాయించి ఉన్నందున వాటిలో ఒకటి రెండు పాడైనా ఛార్జింగ్ సాగిపోతుంది, సమాచారానివి పాడైతే మాత్రం కంప్యూటరుకు ఫోను కనిపించదు. టార్చి వేసి లోపలికి చూడండి. ఆకుపచ్చగా కనిపిస్తే మీరు గోకవద్దు, మరమ్మతు తెలిసిన వారి చేత శుభ్రం చేయించండి లేదా పోర్టు మార్పించండి. పోర్టు మార్చడానికి ఫోనులోని సమాచారాన్ని చెరపవలసిన అవసరం లేదు. ఆ మాట ముందే చెప్పి, సమాచారాన్ని ముట్టుకోవద్దని అడిగి మరీ ఇవ్వండి.

పోర్టు పరీక్షకు ఒక సులువైన దారి ఉంది. ఫోనుకు నేరుగా తగిలే ఓటీజీ పెన్‌డ్రైవును ఎవరి దగ్గరనుంచైనా తెచ్చి పెట్టి చూడండి. అది ఫోనులో తెరుచుకుంటే సమాచారపు కాంటాక్టులు పనిచేస్తున్నట్లే, లోపం కేబులులోనో కంప్యూటరులోనో ఉన్నట్లే. అంతేకాదు, మీ ఫొటోలను అప్పటికప్పుడే ఆ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవచ్చు. అది కూడా పనిచేయకపోతే కేబులుతో నిమిత్తం లేని దారులు ఉన్నాయి. విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటరులో గూగుల్ వారి క్విక్ షేర్ పెట్టుకుంటే, వైఫై, బ్లూటూత్ ఉన్న కంప్యూటరుకు ఫోను నుంచి ఫైళ్లు నేరుగా పంపవచ్చు. గూగుల్ డ్రైవులో 15 జీబీ వరకు ఉచితం, అయితే జీమెయిలూ గూగుల్ ఫొటోలూ అందులోనే పంచుకుంటాయి. మేత బిల్లులు, నీటి పరీక్షల కాగితాల వరకైతే అది చాలు. ఈ వారంలోనే ఏదో ఒక దారిలో వాటికి రెండో ప్రతి తయారు చేయండి. ఫోను మరమ్మతు ఆ తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ప్రశ్న: నా ఫోను పేరు కంప్యూటరులో కనిపిస్తోంది గానీ, తెరిస్తే లోపల ఏమీ లేదు. ఫొటోలు పోయాయా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: పోలేదమ్మా, కంగారు పడకండి. పాత రోజుల్లో ఫోను కంప్యూటరుకు పెన్‌డ్రైవులా తన నిల్వనంతా అప్పగించేది. 2011లో ఆండ్రాయిడ్ 3.0 వచ్చినప్పటి నుంచి ఎంటీపీ అనే పద్ధతి మొదలైంది. ఇందులో నిల్వ ఫోను అధీనంలోనే ఉంటుంది, కంప్యూటరు అడిగిన ఫైలును ఫోను తీసి ఇస్తుంది. తెరకు తాళం వేసి ఉన్నా, ఛార్జింగ్ మాత్రమే అన్న సెట్టింగు ఉన్నా ఫోను ఏమీ ఇవ్వదు కాబట్టి కంప్యూటరుకు ఖాళీ పెట్టెలా కనిపిస్తుంది. తాళం తీసి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, కంప్యూటరులో ఆ కిటికీని మూసి మళ్లీ తెరవండి. ప్రతిసారీ ఇలా చేయవలసి రావడం విసుగనిపిస్తే, సెట్టింగ్స్‌లో ఫోను గురించిన పుటలో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, అక్కడి డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ను మార్చుకోవచ్చు. అయితే పక్కనే ఉండే, ఫోనును కంప్యూటరు నుంచి నడిపే వీలిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను మాత్రం ముట్టుకోకండి.

కెమెరా ఫోల్డరు తెరుచుకున్నా కొన్ని పాత ఫొటోలు అందులో కనిపించకపోతే, ఫోనులో చోటు ఖాళీ చేసే బొత్తాన్ని గూగుల్ ఫొటోల యాపులో ఎప్పుడైనా నొక్కారేమో గుర్తు చేసుకోండి. అలా నొక్కితే ఆ ఫొటోలు గూగుల్ ఖాతాలోనే ఉంటాయి, కేబులు ద్వారా రావు. కాపీ చేసేటప్పుడు కట్ వాడవద్దు. కాపీ చేసి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూసుకుని, నాలుగైదు ఫొటోలు తెరిచి చూశాకే ఫోనులోవి తొలగించండి. వేల ఫొటోలు ఉన్న ఫోల్డరు తెరుచుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ మధ్యలో కేబులు పీకేయవద్దు.

ప్రశ్న: ఫోను తగిలించగానే కంప్యూటరు ‘యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అంటోంది. నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఏ సందేశమూ రాకపోవడం కంటే ఇది నయం. ఏదో వస్తువు తగిలిందని కంప్యూటరు గుర్తించింది. నీవెవరని అడిగితే సరైన సమాధానం అందలేదు. మీ పనిని బట్టి చూస్తే నా మొదటి అనుమానం రాతి పొడి మీదే. ఆ మెత్తని పొడి పోర్టు అడుగున గట్టిపడితే ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగదు. ప్లగ్గు వదులుగా ఊగుతున్నా, కొద్దిగా బయటికి మిగిలిపోతున్నా కారణం అదే కావచ్చు. ఫోను ఆఫ్ చేసి, సన్నగా చెక్కిన చెక్క పుల్లతో అంచుల వెంట నెమ్మదిగా తీయండి. పిన్నీసు, సూది వాడవద్దు, కాంటాక్టులు వంగిపోతాయి. నోటితో ఊదవద్దు, తేమ చేరుతుంది. పనిచోట పోర్టుకు చిన్న రబ్బరు మూత పెట్టుకోవడం మంచిది.

అప్పటికీ అదే సందేశం వస్తుంటే స్టార్ట్ బొత్తాం మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రిభుజం గుర్తు ఉన్న వస్తువు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఫోను తీసి, కంప్యూటరు రీస్టార్ట్ అయ్యాక మళ్లీ తగిలించండి. ఫోనుతో మాట్లాడటానికి కావలసిన డ్రైవరు అనే ప్రోగ్రామును విండోస్ తిరిగి తనే పెట్టుకుంటుంది. మీ విండోస్ పేరు చివర ఎన్ అక్షరం ఉంటే మాత్రం మీడియా ఫీచర్ ప్యాక్‌ను విడిగా దించుకోవాలి. అది లేకపోతే ఎంటీపీ పనిచేయదు.

ప్రశ్న: మా అమ్మాయి మ్యాక్ కంప్యూటరు వాడుతుంది. నా ఆండ్రాయిడ్ ఫోను అందులో కనిపించదు, తన ఐఫోను మాత్రం కనిపిస్తుంది.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఫోనులో లోపం లేదు. ఎంటీపీ పద్ధతి మ్యాక్‌లో సహజంగా ఉండదు, ఓపెన్ఎంటీపీ వంటి ఉచిత యాపును విడిగా పెట్టుకోవాలి. మీ అమ్మాయి తన ఐఫోనును మీ ఇంట్లోని విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే, ఈ కంప్యూటరును నమ్మవచ్చా అని ఫోను తెర మీద అడుగుతుంది. తాళం తీసి అక్కడ అవునని చెప్పేదాకా ఫొటోలు కనిపించవు.