ముసురు రోజుల్లో ఇంటి చెమ్మ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పురుగుల గోలే. వానలు పడే నెలల్లో మన సీమలో ఇది మామూలే. గిడ్డంగుల్లో ధాన్యం తేమ కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఎవరు ఏ పురుగు గురించి అడిగినా ముందు ‘నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?’ అని అడగడం నాకు అలవాటు. మందు పేరు చెబుతానని చూసేవాళ్లకు కొంచెం నిరాశ తప్పదు.

ప్రశ్న: మాది మా నాన్నగారు కట్టించిన ఇల్లు. గచ్చు అంతా కడప బండలు. వానలు మొదలైతే చాలు, పొద్దున లేచేసరికి బండలు తడితడిగా ఉంటాయి. గోడల అడుగున, పాత పుస్తకాల్లో, బియ్యం డబ్బా మూత కింద నూకలో సగం కూడా లేని తెల్లటి పురుగులు పాకుతున్నాయి. మందు కొట్టిస్తే కొన్నాళ్లు ఆగి మళ్లీ వస్తున్నాయి. 2009 వరదలో మా ఇల్లు మునిగింది. ఆ తడి ఇంకా గోడల్లోనే ఉందని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, కర్నూలు పాతబస్తీ

జవాబు: మేస్త్రీ మాటలో సగం నిజముంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచిన నీళ్లు మీ గోడల్లో ఇప్పటిదాకా ఉండవు. ఎంత లావు గోడైనా మన ఎండలకు రెండు మూడు వేసవులు తిరిగేసరికి ఆరిపోతుంది. కానీ నీళ్లు పోయినా వాటితో వచ్చిన ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. గోడ అడుగున తెల్లటి పొడి పూసి, గీకితే రాలుతోందా? అదే ఆ ఉప్పు. ముసురు పట్టినప్పుడు గాలిలో తేమను లాక్కుని గోడను తడిపేస్తుంది, ఎండ కాస్తే ఏమీ ఎరగనట్టు ఆరిపోతుంది. దాన్ని నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి బయట పారేయండి. పెచ్చులు ఊడుతున్న చోట పాత పూత తీసేసి సున్నం పూత వేయించండి. ఆయిల్ పెయింట్ జోలికి మాత్రం పోవద్దు. చెమ్మ గోడకు ఆయిల్ పెయింట్ వేయడమంటే తడి గుడ్డను ప్లాస్టిక్ కవర్లో మూటగట్టడమే.

ఇక బండలు. తడి కింద నుంచి వస్తోందా, పైనుంచి వస్తోందా తేల్చుకోకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. అడుగు చదరం ఉన్న దళసరి పాలిథిన్ కవరు తీసుకుని, రెండు బండలు కలిసే సందు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. ఒక రోజంతా వదిలేసి చూడండి. కవరు కింది వైపు నీటి చుక్కలు పడితే నేల చెమ్మ. పై వైపు తడిసి కింద పొడిగా ఉంటే గాలిలోని తేమ చల్లటి బండకు తగిలి నీరవుతోందన్నమాట. రెండు వైపులా తడి ఉంటే రెండు తిప్పలూ ఉన్నట్టే.

నేల చెమ్మ అయితే ఇంటి బయటికి వెళ్లి చూడండి. పాతబస్తీలో నేను చూసిన చాలా ఇళ్లది ఒకటే కథ. సిమెంట్ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగింది, గడప పల్లమైంది. వీధి కాలువ నీళ్లు గోడ పక్కనే నిలబడితే లోపల ఎన్ని మందులు కొట్టినా దండగ. ముందు ఆ నీళ్లు నిలవకుండా వాటం సరిచేయించి, ఆ తర్వాత లోపల బండల సందులు తిరగ పూయించండి.

గాలి తేమ అయితే కిటికీల టైం మార్చాలి. వేసవిలో మనం తెల్లవారుజామునా రాత్రీ కిటికీలు తీస్తాం, మధ్యాహ్నం బిగించేస్తాం. వేసవికి అది సరైన పద్ధతే. వానల్లో కూడా అదే చేస్తే చెమ్మను పిలిచి కూర్చోబెట్టినట్టే. లెక్క చెబుతాను. 24 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 22 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచగలదు. 32 డిగ్రీల దగ్గర దాదాపు 34 గ్రాములు. తెల్లవారుజామున 90 శాతం తేమతో ఉన్న గాలే, ఎండ కాసి 32 డిగ్రీలకు వేడెక్కితే 60 శాతం లోపుకు దిగుతుంది. నీళ్లు అవే, గాలికి చోటు పెరిగింది. కాబట్టి వాన తెరిపిచ్చి ఎండ పొడ కనబడ్డ మధ్యాహ్నం కిటికీలన్నీ తీసి ఫ్యాన్లు తిప్పండి. చీకటి పడే ముందు మూసేయండి.

మీరు రాసినదాన్ని బట్టి ఆ పురుగులు బుక్‌లైస్. కుట్టవు, కరవవు. పుస్తకాల మీద, గోడల మీద మన కంటికి ఆనని బూజును తిని బతుకుతాయి. వాటికి కావలసిన నీళ్లు గాలిలోంచే పీల్చుకుంటాయి. గదిలో తేమ 50 శాతానికి దిగువన కొన్ని వారాలు నిలిస్తే అవే ఎండిపోతాయి. మందు ఆ రోజు కనబడ్డవాటిని చంపుతుంది, బూజును వదిలేస్తుంది. అందుకే మళ్లీ వస్తున్నాయి. పుస్తకాల అలమరాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. అలమరా వెనక గాలి ఆడని చోటే బూజుకు పుట్టిల్లు.

ప్రశ్న: అనంతపురంలో వానలే తక్కువ కదా అన్నా. అయినా మా పడకగదిలో బూజు వాసన, వంటింట్లో బొద్దింకలు. ఉక్కపోతకు రాత్రంతా తలుపులేసుకుని కూలర్ వేసుకుంటాం. ఉతికిన బట్టలు కూడా ఆ గదిలోనే ఆరేస్తాం.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. కూలర్ పని గాలికి నీళ్లు కలపడం. ఏప్రిల్‌లో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి అది చల్లదనం ఇస్తుంది. సెప్టెంబరులో, అదీ తలుపులు బిగించిన గదిలో, ఉక్కను పెంచుతుందే తప్ప తగ్గించదు. దానికి తోడు తడి బట్టలు. ఒక మెషీన్ లోడు బట్టలు ఆరేలోపు లీటరు పైగా నీటిని గదిలోకి వదులుతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా అయినా అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులదే. ఆ నెలల్లో కూలర్‌లో నీళ్లు తీసేసి, ట్యాంకు తుడిచి, వట్టి ఫ్యాన్‌గా వాడుకోండి. దోమలు కూడా తగ్గుతాయి. బట్టలు వరండాలోనో మిద్దె మీద రేకుల కిందో ఆరేయండి.

బొద్దింక తిండి లేకున్నా వారాల తరబడి బతుకుతుంది, నీళ్లు లేకపోతే మాత్రం అన్నాళ్లు నిలవలేదు. రాత్రి పడుకోబోయే ముందు సింకు పొడిగా తుడిచి, కింద కారే పైపు బిగించి, తడి మసిగుడ్డను బయట వేయండి. ఫ్రిజ్ వెనక ట్రేలో నీళ్లున్నాయేమో చూడండి, అది ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: ఊరి నుంచి బియ్యం, జొన్నలు, కందులు బస్తాలుగా వచ్చాయి. అప్పుడే ముక్కపురుగు పడుతోంది. మా ఆడపడుచు వాళ్లు బస్తాల మధ్య మాత్రలు పెడతారట. మేమూ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పెట్టొద్దు. మీ ఆడపడుచుకు కూడా ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. పక్క గదిలో నిద్రపోయినవాళ్లు కూడా చనిపోయిన ఘటనలున్నాయి. దానికి విరుగుడు మందు లేదు. గిడ్డంగిలో కూడా వాటిని ముట్టుకునేది శిక్షణ ఉన్నవాళ్లే. నిల్వ మొత్తం షీట్లు కప్పి, సీలు వేసి, రోజుల తరబడి ఎవరినీ రానీయరు. తెరిచాక గాలి ఆడనిచ్చి, గ్యాసు లేదని తేలాకే లోపలికి పోతారు. మనుషులు కాపురం ఉండే ఇంట్లో వాటికి చోటు లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. బస్తా నడుమకు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. పైన చల్లగా ఉండి లోపల వెచ్చగా తగిలితే పురుగు ఎక్కువైనట్టే, ఆ వేడి వాటి ఊపిరిదే. ఆ బస్తాను ముందు వేరు చేయండి. తర్వాత జొన్న గింజ పంటి కింద పెట్టి కొరకండి. టక్కున విరిగితే తేమ సరిపోయినట్టు, మెత్తగా నలిగితే ఇంకా ఆరాలి. గిడ్డంగి లెక్కలో నిల్వకు 12 శాతం లోపు తేమ మంచిది. పంటి పరీక్ష మీటరంత కచ్చితం కాదు గానీ ఇంటికి చాలు.

జొన్నలు, కందులు మిద్దె మీద ఎండలో పలచగా పోయండి. బియ్యం మాత్రం మండుటెండలో పోస్తే గింజ చిట్లి నూకవుతుంది, లేత ఎండో నీడలో గాలో చాలు. ఎండినవాటిని వేడి మీదే డబ్బాకెత్తకండి. రాత్రికి ఆవిరి మూతకు పట్టి చుక్కలై మళ్లీ గింజల మీదే పడుతుంది. పూర్తిగా చల్లారాక జల్లెడ పట్టి ఎత్తుకోండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. వేపాకు వేస్తామంటే నీడలో గలగలలాడేలా ఎండాక వేయండి, పచ్చి ఆకు తేమనే మోసుకొస్తుంది.

ప్రశ్న: బీరువాలో ధర్మవరం పట్టుచీరలకు వెండిరంగు పురుగు పడుతోంది. కలరా ఉండలు వేస్తున్నాను. మా మనవడి బట్టలు కూడా అందులోనే ఉన్నాయి.
– ఒక అమ్మమ్మ, కడప

జవాబు: ముందు బాబు బట్టలు తీసేయండమ్మా. కలరా ఉండలంటే మామూలుగా నాఫ్తలీన్. పుట్టుకతో ఒక ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా రక్తకణాలు చితికి, కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. లోపం ఉన్నదీ లేనిదీ మనకు పైకి తెలియదు. చీరలు ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి. ముసురు తగ్గిన రోజు నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. గంజి అంటే ఆ పురుగుకు ప్రాణం. గంజి పెట్టిన నూలుచీరలు వేరే అరలో ఉంచండి.

ప్రశ్న: తేమ లాగే మెషీన్ కొనమంటారా? గిన్నెలో ఉప్పు పెడితే చాలని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఉప్పు నీళ్లు లాగడం మొదలుపెట్టేది గాలిలో తేమ సుమారు 75 శాతం దాటాకే. మనకు కావలసింది 60 లోపు. గిన్నెలో ఉప్పు చెమ్మగిల్లిందంటే గది బాగా తడిగా ఉందని తెలుస్తుంది, అంతకుమించి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మెషీన్ మన ప్రాంతంలో ఏడాదికి కొన్ని వారాలే పనికొస్తుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టుకోండి. బాత్‌రూమ్‌కు, వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం అంతకంటే చవక. అన్నిటికంటే ముందు కొన్ని వందల రూపాయల్లో దొరికే డిజిటల్ తేమ మీటరు కొనండి. హాల్లో టీవీ పక్కన పెడితే అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. బీరువా వెనక, బాత్‌రూమ్ గోడకు ఆనుకున్న మూలలో పెట్టి పొద్దునా మధ్యాహ్నం అంకె రాసుకోండి. వారం తర్వాత ఆ అంకెలు నాకు పంపితే మెషీన్ కావాలో వద్దో అప్పుడు చెబుతాను.