పొట్టిగా, సన్నగా ఉన్న పిల్లాడు ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ కాగలడా?

మీ ప్రశ్న: "మా బాబుకి పదమూడేళ్లు. సెంట్రల్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు. సెలక్షన్స్‌లో ఎత్తు చాలదు, ఒళ్లు చాలదు అని పక్కన పెట్టారు. మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు. ఇంకా ఆడించమంటారా, మాన్పించమంటారా?"

మాన్పించకండి. ఈ కారణంతో అయితే అస్సలు మాన్పించకండి.

నేను యూనివర్సిటీ టీమ్‌కి మిడ్‌ఫీల్డ్‌లోనే, అంటే మైదానం మధ్యలో, ఆడాను. ఇప్పుడు సికింద్రాబాద్‌లో సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతున్నాను. నన్ను కూడా చిన్నప్పుడు ఒక జిల్లా సెలక్షన్‌లో బంతి ముట్టుకోకముందే లైన్‌లోంచి పక్కకి జరిపారు, కారణం ఇదే. అందుకే మీ మాటలు చదవగానే జవాబు రాయాలనిపించింది.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లల్ని ఒకే గీత మీద నిలబెట్టి చూడటమే పెద్ద అన్యాయం. ఒకడికి అప్పటికే గొంతు మారి మీసం మొలుస్తుంది, పక్కవాడు ఇంకా పసివాడిలా ఉంటాడు. పుట్టిన సంవత్సరం ఒకటే, శరీరాల వయసు వేరు. ముందుగా ఎదిగినవాడు బంతిని దూరంగా కొట్టి దాని వెనక పరిగెత్తితే చాలు, గెలిచేస్తాడు. సెలక్షన్ చేసేవాళ్లకి ఆ పదిహేను నిమిషాల్లో కనిపించేది అదే. నా దగ్గరున్న పిల్లల్లోనే చూశాను, పదమూడేళ్లప్పుడు అందర్నీ భుజంతో తోసుకుంటూ పోయిన కుర్రాడు, మిగతావాళ్లు కూడా ఎదిగాక ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. అప్పటిదాకా ఆలోచించే అవసరమే రాలేదు వాడికి. చిన్నవాడికి మాత్రం మొదటి రోజు నుంచీ ఆ అవసరం ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోద్రిచ్. మీ బాబుకి పేరు తెలిసే ఉంటుంది, కానీ ఆయన బాల్యం కూడా తెలిస్తే బాగుంటుంది. కాస్త వివరంగా చెప్తాను.

మోద్రిచ్ 1985 సెప్టెంబర్ 9న జాదర్‌లో పుట్టాడు. ఇప్పుడది క్రొయేషియా, అప్పుడు యుగోస్లావియా. వెలెబిట్ కొండల దిగువన ఇంటిపేరుతోనే ఉన్న చిన్న పల్లె వాళ్లది. ఐదేళ్ల వయసులో మంచులో మేకలు తోలుతున్న వీడియో ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. 1991లో యుద్ధం వచ్చింది. ఆ డిసెంబర్‌లో తాతని సెర్బ్ తిరుగుబాటుదారులు చంపేశారు. మనవడికి పెట్టింది ఆ తాత పేరే. ఇల్లు తగలబడింది. కుటుంబం జాదర్‌కి పారిపోయి, శరణార్థులకి ఇచ్చిన హోటల్ గదుల్లో ఏళ్ల తరబడి బతికింది. తండ్రి సైన్యంలో చేరాడు, తల్లి బట్టల ఫ్యాక్టరీలో పని చేసింది. ఊరి మీద బాంబులు పడుతున్న రోజుల్లో పిల్లాడు హోటల్ పార్కింగ్ స్థలంలో బంతి ఆడుకునేవాడు.

ఆ ప్రాంతపు పిల్లలందరి కల హైదుక్ స్ప్లిట్ అనే క్లబ్. మోద్రిచ్‌ని అక్కడికి తీసుకెళ్తే, మరీ చిన్నవాడు, బరువు లేదు అని తిప్పి పంపించారు. మీ బాబు విన్న మాటే. అప్పుడు జాదర్ క్లబ్‌లో పిల్లల శిక్షణ చూసే తొమిస్లావ్ బాషిచ్ అనే కోచ్ ఈ పిల్లాణ్ణి వదల్లేదు. ఆటలో తనకి తండ్రిలాంటివాడని మోద్రిచ్ తర్వాత చెప్పుకున్నది ఆయన గురించే. పదహారేళ్ల వయసులో దినామో జాగ్రెబ్ అనే క్లబ్‌లో చేరే ఏర్పాటు చేసింది కూడా ఆయనే. నన్నడిగితే ఈ కథలో అందరికన్నా విలువైన మనిషి బాషిచ్. ఒక పెద్ద క్లబ్ వద్దన్నాక కూడా అదే పిల్లాడితో మర్నాడు ప్రాక్టీస్ చేయించిన మనిషి ఆయన. మీ బాబుకి ఇప్పుడు కావలసింది అలాంటి ఒక కోచ్. పేరున్న అకాడమీ లేకపోయినా ఫర్వాలేదు.

దినామో కూడా వెంటనే ఆడించలేదు. 2003లో బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్తార్ అనే క్లబ్‌కి అప్పుగా పంపింది. క్లబ్బులు తమ కుర్రాళ్లని ఒక సీజన్ కోసం ఇలా వేరే జట్టుకి ఇవ్వడం మామూలే, దాన్ని లోన్ అంటారు. ఆ లీగ్‌లో ట్యాకిల్స్, అంటే బంతి లాక్కోవడానికి మీదికి రావడాలు, మొరటుగా ఉండేవి, గ్రౌండ్లు బాగుండేవి కావు. పద్దెనిమిదేళ్ల సన్నటి కుర్రాడు ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడయ్యాడు. బోస్నియా లీగ్‌లో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత తనే చెప్పాడు. మరుసటి ఏడాది ఇంటర్ జాప్రెషిచ్ అనే క్రొయేషియా క్లబ్‌లో ఇంకో లోన్. ఆ తర్వాతే, 2005లో, దినామో పదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆ డబ్బుతో జాదర్‌లో కుటుంబానికి ఫ్లాట్ కొన్నాడు.

ఈ లోన్ల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర తల్లిదండ్రులు చాలామంది పెద్ద పేరున్న చోట బెంచీ మీద కూర్చున్నా చాలనుకుంటారు. మిడ్‌ఫీల్డర్‌కి అది విషం. స్ట్రైకర్ ఒంటరిగా గోల్ ముందు షాట్లు కొట్టి కొంత నేర్చుకోగలడు. మిడ్‌ఫీల్డర్ నేర్చుకునేది ఇరవై రెండు మంది కదులుతున్నప్పుడే. కాబట్టి మీ బాబుకి ప్రతి వారం పూర్తి మ్యాచ్ ఆడే అవకాశం దొరికే జట్టు వెతకండి. జట్టు చిన్నదైనా ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం, 172 సెంటీమీటర్ల మనిషి అంతమంది బలవంతుల మధ్య ఎలా నిలిచాడు? బంతి తన దగ్గరికి రాకముందే ఆయన పని సగం అయిపోతుంది. మోద్రిచ్ ఆడిన ఏదైనా మ్యాచ్ పెట్టి, బంతిని వదిలేసి ఆయన తలనే చూడండి. రద్దీ రోడ్డు దాటేవాడిలా అటూ ఇటూ, భుజాల మీదుగా వెనక్కి చూస్తూనే ఉంటాడు. పాస్ అందుకునేటప్పటికే ఎవరు ఎటు నుంచి మీదికొస్తున్నారో తెలుసు. ఒళ్లు సగం తిప్పి నిలబడతాడు, మొదటి టచ్‌తోనే బంతి ఖాళీ వైపు వెళ్తుంది. తోయడానికి వచ్చినవాడికి అక్కడ మనిషే దొరకడు.

దీన్ని ఇంట్లోనే నేర్పొచ్చు. బాబుకి ఎదురుగా ఒకరు నిలబడి పాస్ ఇవ్వాలి, మీరు వెనక నిలబడి వేళ్లు చూపించండి. బంతి కాలికి తగిలేలోపు వాడు వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదట్లో బంతి జారిపోతుంది, చిరాకు పడతాడు. మా పిల్లల్లో ఇది అలవాటైనవాళ్లకి మ్యాచ్‌లో టెన్షన్ తగ్గింది, అది వాళ్ల ముఖాల్లోనే కనిపిస్తుంది. రెండో కాలు కూడా ఈ వయసులోనే దారికి తేవాలి. ఇది మనకి కొత్త పాఠం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన మన హైదరాబాద్ కోచ్ రహీమ్ సాబ్, రెండు కాళ్లతో ఆడాలని, బంతిని పట్టుకుని ఉండకుండా వెంటనే పాస్ చేయాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టేవారు.

పెద్దయ్యాక కూడా ఆ "ఒళ్లు చాలదు" అనే మాట మోద్రిచ్‌ని వదల్లేదు. 2008లో టోటెన్‌హామ్ కొన్నప్పుడు ఇంగ్లండ్ లీగ్‌కి ఇతను తట్టుకోలేడన్నారు. ఆ సీజన్‌లో హ్యారీ రెడ్‌నాప్ మేనేజర్‌గా వచ్చి, మైదానం మధ్యలో కాస్త వెనకగా ఆడించాక ఆట మొత్తం ఆయన కాళ్ల మీదుగా నడవడం మొదలైంది. మనిషి అదే, ఒళ్లు అదే, నిలబెట్టిన చోటు మారింది అంతే. 2012 ఆగస్టులో రియల్ మాడ్రిడ్‌కి వెళ్తే, ఆ ఏడాది ముగిసేసరికి ఒక స్పెయిన్ పత్రిక పోల్‌లో పాఠకులు ఆయన్ని ఆ సీజన్‌లోకెల్లా చెత్త కొనుగోలని తేల్చారు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. 2013 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద, వాళ్ల సొంత గ్రౌండ్‌లో, వెనకబడి ఉన్న మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి దూరం నుంచి కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది, ఆ మ్యాచ్ మాడ్రిడ్ గెలిచింది. తర్వాతి ఏడాది లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ) ఫైనల్లో ఓటమికి ఒకటి రెండు నిమిషాల దూరంలో ఉన్నప్పుడు, జట్టులోని రామోస్ తలతో కొట్టిన గోల్‌కి కార్నర్ వేసింది మోద్రిచ్చే. అలా మొదలై 2024 వరకు మొత్తం ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు. 2025లో మాడ్రిడ్ వదిలి వెళ్లేసరికి 28 ట్రోఫీలు, ఆ క్లబ్ చరిత్రలో అన్ని గెలిచినవాడు ఇంకొకడు లేడు. గోల్స్ మాత్రం 597 మ్యాచ్‌లకి 43. స్కోరు చూసి ఆటగాణ్ణి కొలిచేవాళ్లకి మిడ్‌ఫీల్డర్ ఎప్పటికీ అర్థం కాడు. బాబు గోల్ కొట్టలేదని మ్యాచ్ తర్వాత మీరు కూడా అడగకండి. "నువ్వు పాస్ ఇచ్చాక ఏమైంది?" అని అడగండి.

2018 ప్రపంచకప్ గురించి ఒక్క మ్యాచ్ చెప్తాను. డెన్మార్క్‌తో ఎక్స్‌ట్రా టైమ్ ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా పెనాల్టీ దొరికింది. మోద్రిచ్ కొట్టాడు, గోల్‌కీపర్ ష్మైకెల్ ఆపేశాడు. కాసేపటికే పెనాల్టీల షూటౌట్. కెప్టెన్ మోద్రిచ్ మళ్లీ ముందుకొచ్చి, అదే గోల్‌కీపర్ ఎదుట మళ్లీ బంతి పెట్టి, గోల్ చేశాడు. దాదాపు నలభై లక్షల జనాభా ఉన్న క్రొయేషియా ఆ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లి ఫ్రాన్స్ చేతిలో 4–2తో ఓడింది. ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ ఆయనకే వచ్చింది. అదే ఏడాది చివర, ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బలోన్ దోర్ అవార్డు కూడా. అప్పటికి పదేళ్లుగా ఆ అవార్డు మెస్సీ, రొనాల్డోలు తప్ప ఎవరూ అందుకోలేదు. ఇవన్నీ నాకు ముఖ్యమే, కానీ ఆ రెండో పెనాల్టీ తీసుకోవడానికి నడిచి రావడం నాకు వీటన్నిటికన్నా పెద్దది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు తండ్రి కాబట్టి సంతకాలు పెట్టేది మీరే. దినామోను నడిపిన పెద్దమనిషి మీద ఆటగాళ్ల బదిలీ డబ్బు విషయంలో కేసు నడిచినప్పుడు, మోద్రిచ్ 2017లో సాక్ష్యం చెప్పాడు. అది అబద్ధపు సాక్ష్యమని మరుసటి ఏడాది ఆయన మీదే అభియోగం మోపారు. 2018లోనే కోర్టు దాన్ని కొట్టేసింది కానీ, ఈలోగా సొంత దేశంలోనే చాలామంది ఆయనకి వ్యతిరేకమయ్యారు. కుర్రతనంలో చేసుకున్న కాంట్రాక్టుల నీడ అంత దూరం వస్తుంది. రేపు ఎవరైనా అకాడమీ వాళ్లో ఏజెంటో కాగితం తెస్తే, లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి. చదువు ఆపమని చెప్పేవాళ్ల దగ్గర అసలే పెట్టకండి. ప్రొఫెషనల్ అయ్యేవాళ్లు చాలా తక్కువమంది, ఆ నిజం మీకూ బాబుకీ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

నలభైకి దగ్గరలో, 2025 జులైలో మోద్రిచ్ ఏసీ మిలాన్‌లో చేరాడు. చిన్న ఒళ్లు అన్న ఆటగాడు ఆ వయసులో కూడా ఇటలీ పెద్ద లీగ్‌లో ఆడటానికి వెళ్లాడు.

ముందు మీ బాబుని మళ్లీ అన్నం తినేలా చేయండి, ఈ వయసులో గుడ్డు, పప్పు, పాలు, నిద్ర, వీటిలో ఏది తగ్గినా ఎదుగుదల దెబ్బతింటుంది. మీరు ఏ ఊళ్లో ఉంటున్నారో, వాడిది కుడి కాలా ఎడమ కాలా కింద రాయండి. దగ్గర్లో వయసుల వారీగా వారం వారం మ్యాచ్‌లు పెట్టేవాళ్లు నాకు తెలిసి ఉంటే చెప్తాను.