‘సివిల్ వార్’లో తప్పు ఎవరిది, టోనీదా స్టీవ్‌దా?

‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ సినిమాలో గొడవ అవెంజర్స్ అనే సూపర్‌హీరోల జట్టును అదుపులో పెట్టే సొకోవియా ఒప్పందం మీద మొదలై చివరికి టోనీ (ఐరన్ మ్యాన్) సొంత పగగా మారింది, అక్కడ కథ పక్కదారి పట్టలేదా అని అడిగారు. 2016లో థియేటర్లో చూసినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నేను స్టీవ్ (కెప్టెన్ అమెరికా) వైపు, మా తమ్ముడు టోనీ వైపు. ఇల్లు చేరేదాకా వాదించుకున్నాం.

ఒప్పందం విషయంలో నేను ఇప్పటికీ స్టీవ్ వైపే. అవెంజర్స్ ఎప్పుడు రంగంలోకి దిగాలో ఐక్యరాజ్యసమితి ప్యానెల్ చెప్పాలని 117 దేశాలు కోరాయి. టోనీ ఒప్పుకున్నాడంటే అర్థముంది. సొకోవియా దేశంలో విధ్వంసం సృష్టించిన రోబో అల్ట్రాన్‌ను తయారుచేసిందే అతను. సొకోవియాలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదురుపడి నిలదీశాక అతనికి ఇక మనశ్శాంతి లేదు. స్టీవ్ సంగతి వేరు. తాను పనిచేసిన గూఢచార సంస్థ షీల్డ్ లోపలే శత్రుముఠా హైడ్రా ఏళ్ల తరబడి తిష్ఠవేసుకుని ఉండటం కళ్లారా చూశాడు. ఒకడికి తన మీద తనకే నమ్మకం పోయింది, ఇంకొకడికి పైవాళ్ల మీద పోయింది. ఇద్దరినీ తప్పుపట్టలేం.

రెండు వర్గాలూ తలపడే ఎయిర్‌పోర్ట్ ఫైట్ గురించే అందరూ మాట్లాడతారు. నాకు అది పెద్దగా పట్టదు. తన తండ్రిని చంపింది స్టీవ్ పాత స్నేహితుడు బకీయేనని నమ్మి అతని వెంటపడ్డ వకాండా రాజు టిచల్లాకు తప్ప, అక్కడ ఎవరికీ ఎవరినీ చంపాలని లేదు. స్టీవ్ వైపున్న శామ్‌ను ఆపబోయి టోనీ వైపున్న విజన్ వదిలిన కిరణం తమ వైపే ఉన్న రోడీకి తగిలేదాకా అది స్నేహితుల మధ్య తోపులాటే.

అసలు సినిమా సైబీరియా బంకర్‌లో ఉంది. అవెంజర్స్ మధ్య చిచ్చుపెట్టాలని చూసే జీమో అక్కడ ఒక వీడియో పెడతాడు. 1991 డిసెంబర్ 16, రాత్రి, ఖాళీ రోడ్డు. బకీ టోనీ తండ్రిని, తల్లిని చంపడం ఆ మసక తెర మీద కనిపిస్తుంది. టోనీ ముందు బకీ మీదికి దూకబోతాడు, స్టీవ్ ఆపుతాడు. అప్పుడు టోనీ స్టీవ్ వైపు తిరిగి ‘నీకు తెలుసా?’ అని అడుగుతాడు. స్టీవ్ మొదట ‘వాడేనని తెలియదు’ అంటాడు. మళ్లీ గట్టిగా అడిగితేనే ‘తెలుసు’ అంటాడు. ఆ మొదటి జవాబును నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

తర్వాత మా ఇంట్లో ఒకటి జరిగింది. అమ్మకు టెస్టులు చేయిస్తే రిపోర్టులు బాగా రాలేదు. తమ్ముడికి పరీక్షలు దగ్గరపడ్డాయి. వాడికి టెన్షన్ ఎందుకని రెండు నెలలు చెప్పలేదు. బంధువుల్లో ఎవరో నోరుజారారు. వాడు ఫోన్ చేసి, ఏడవలేదు, అరవలేదు, ‘అన్నయ్యా, నీకు ముందే తెలుసా?’ అన్నాడు. ‘ఇంత సీరియస్ అని తెలీదురా’ అన్నాను. అది అబద్ధం. వాడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. అప్పుడు ఒప్పుకున్నాను. జబ్బు గురించి వాడు పడిన బాధ ఒక ఎత్తు, నేను దాచానన్న బాధ ఇంకో ఎత్తు. అమ్మ కోలుకున్నాక కూడా చాలాకాలం నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఆ తర్వాత సినిమా మళ్లీ చూస్తే బంకర్ సీన్ పక్కదారి అనిపించలేదు. టోనీ ఆఖరికి సైబీరియా దాకా వచ్చింది స్టీవ్‌కు సాయం చేద్దామనే. ఒప్పందం గొడవ అప్పటికే సగం చల్లారింది. టోనీ తల్లిదండ్రులను హైడ్రాయే చంపించిందని స్టీవ్‌కు 2014 నాటి ‘వింటర్ సోల్జర్’ సినిమాలోనే తెలిసింది. ఒకే జట్టులో ఉంటూ, పక్కనే నిలబడి పోరాడుతూ చెప్పలేదు. అందుకే బంకర్‌లో మొదటి తప్పు స్టీవ్‌దే అంటాను. టోనీ చేసింది సరైనదని కాదు. బకీ చేత హైడ్రా ఆ హత్యలు చేయించింది, వాడి మనసు వాడి చేతిలో లేదు. తండ్రిని పోగొట్టుకున్న టిచల్లా, అసలు హంతకుడు జీమోయేనని తెలిసినా, అదే చోట వాడి కథంతా విని పంజా దించగలిగాడు. కానీ టిచల్లాకు నిజం దాచిన స్నేహితుడు ఎవరూ లేరు. ఆ తేడా చాలా పెద్దది.

చివర్లో స్టీవ్ పంపిన ఉత్తరం గుర్తుందా? టోనీ బాధపడకూడదని దాచాననుకున్నాను, నిజానికి నన్ను నేను కాపాడుకోవడానికే దాచాను అన్న అర్థంలో రాస్తాడు. తమ్ముడితో ఆ సీన్ కలిసి చూశాను. నేను వాడికి చెప్పాల్సిన మాట కూడా అదే, అప్పుడే చెప్పాను. వాడు కాసేపు తెరవైపే చూసి, ‘ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా’ అన్నాడు.