అయిదు మ్యాచ్‌లు, ఆరు గోల్స్, అంతేనా?

ప్రశ్న: మొన్న మా ఆఫీసు క్విజ్‌లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు జర్మనీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన చివరి ఇంటర్నేషనల్‌లో హ్యాట్రిక్ కొట్టిందెవరని అడిగారు. ఆగస్ట్ క్లింగ్లర్ అట. పేరు కొట్టి వెతికితే అయిదు మ్యాచ్‌లు, ఆరు గోల్స్, అక్కడితో సరి. హ్యాట్రిక్ కొట్టినవాణ్ని మళ్లీ తీసుకోలేదంటే ఫ్లూకేనా?
– ఓ పాఠకుడు, కొండాపూర్

జవాబు: తీసుకోడానికి మ్యాచ్ ఉండాలి కదండీ! ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు జర్మనీ ఒక్క ఇంటర్నేషనల్ కూడా ఆడలేదు.

క్లింగ్లర్ 1918లో పుట్టాడు. కార్ల్‌స్రూహ నగరంలో డాక్స్‌లాండెన్ అనే పేటకి చెందిన చిన్న క్లబ్ తరఫున ఆడేవాడు. అప్పటికి జర్మనీ జాతీయ లీగ్ బుండెస్‌లీగా లేదు, అది 1963లో మొదలైంది. ప్రాంతాలవారీ లీగ్‌లే ఉండేవి కాబట్టి పెద్ద క్లబ్ జెర్సీ లేకపోయినా కోచ్ సెప్ హెర్బెర్గర్ కంట్లో పడితే చాలు, పిలుపు వచ్చేది. అలా 1942లో జట్టులోకొచ్చాడు, అతని అయిదు మ్యాచ్‌లూ ఆ ఏడాదివే.

ఇక ఆ హ్యాట్రిక్ సంగతి. 1942 నవంబర్ 22, బ్రాటిస్లావాలో స్లొవేకియా మీద జర్మనీ 5-2తో గెలిచింది, అందులో మూడు ఇతనివి. సరిగ్గా అదే వారంలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సేనలు జర్మన్ సైన్యాన్ని రెండు వైపుల నుంచీ కమ్ముకొస్తున్నాయి, మర్నాటికి చుట్టుముట్టడం పూర్తయింది. అంతకు రెండు నెలల ముందే బెర్లిన్‌లో స్వీడన్ చేతిలో 2-3తో ఓడితే, జనం మొహాలు వేలాడేసుకుని ఇళ్లకు పోతున్నారు, తూర్పున ఏదో పట్టణం గెలిచామన్నదానికన్నా వీళ్లకి ఈ మ్యాచే ఎక్కువైపోయింది, ఇలాంటివి ఆపెయ్యాలి అని విదేశాంగ శాఖలో ఓ పెద్ద అధికారి విసుక్కున్నాడు. 1943 మొదట్లో స్టాలిన్‌గ్రాడ్ పోయింది, దాంతో ఇంటర్నేషనల్స్ కూడా ఆగిపోయాయి.

క్లింగ్లర్ 1944 నవంబర్‌లో తూర్పు రంగంలో చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు.

జర్మనీ మళ్లీ మైదానంలోకి దిగింది 1950 నవంబర్ 22న, అంటే తేదీ కూడా మారకుండా ఎనిమిదేళ్లకి. స్టుట్‌గార్ట్‌లో లక్షమందికి పైగా జనం, స్విట్జర్లాండ్ మీద 1-0, అదీ పెనాల్టీ గోల్. కోచ్ మళ్లీ ఆ హెర్బెర్గరే. కెప్టెన్ ఆండ్రియాస్ కుప్ఫర్, అప్పటికి ముప్పై ఆరేళ్లవాడు, బ్రాటిస్లావాలో క్లింగ్లర్‌తో కలిసి ఆడినవాడే. బ్రాటిస్లావా జట్టులోనే ఉన్న ఫ్రిట్జ్ వాల్టర్ యుద్ధఖైదీగా పట్టుబడి బతికి బయటపడి, 1954లో బెర్న్‌లో ప్రపంచకప్ ఎత్తాడు. 1950కి క్లింగ్లర్ ఉండి ఉంటే వయసు ముప్పై రెండు, కుప్ఫర్ కన్నా నాలుగేళ్లు చిన్న.

అలాగని ఇతన్ని చేజారిన పెద్ద స్టార్ అనేసి ఆకాశానికెత్తే పోస్టులు చూస్తే నాకు మాత్రం కొంచెం చికాకే. 1942లో జర్మనీతో ఆడిందెవరు? యుద్ధంలో జర్మనీ పక్షాన ఉన్న దేశాలు, తటస్థ దేశాలు, స్లొవేకియాలాగా జర్మనీ చెప్పుచేతల్లో ఉన్నవి. ఇంగ్లండ్ లేదు, ఫ్రాన్స్ లేదు. ఆ గోల్స్‌ని అలాగే చూడాలి. కానీ ఫ్లూక్ అనడం ఇంకా అన్యాయం. అదే మ్యాచ్‌లో ఎర్న్‌స్ట్ విలిమోవ్‌స్కీ ఆడాడు, 1938 ప్రపంచకప్‌లో పోలండ్ తరఫున బ్రెజిల్‌కి నాలుగు గోల్స్ కొట్టిన మనిషి! అలాంటివాడు పక్కనుండగా మూడు కొట్టడం తమాషా కాదు.

ప్రశ్న: మన హైదరాబాద్‌లోనూ ఇలా మధ్యలో ఆగిపోయిన పెద్ద ఆటగాడు ఎవరైనా ఉన్నారా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఉన్నారండీ, మీకు దగ్గర్లోనే, అమ్ముగూడ. తులసీదాస్ బలరాం. అప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన కుర్రాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, రోమ్‌లో హంగరీకి ఒకటి, పెరూకి ఒకటి గోల్ కొట్టాడు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట మానెయ్యాల్సొచ్చింది, ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత చాలాకాలం బతికాడు, 2023 ఫిబ్రవరిలో పోయాడు. క్లింగ్లర్‌తో పోల్చడానికి లేదు లెండి, బలరాం ఆటని హంగరీ లాంటి గట్టి జట్టు మీద కూడా చూశారు జనం.